గడ్డినేలలో నైట్రోజన్ – 4వ పాఠం: మిగిలింది కాదు, పుట్టింది కొలవాలి

ఈసారి పప్పుజాతి మొక్కల మీద పూర్తి పాఠం చెబుతానని మాటిచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకుంటాను, ఎందుకంటే మూడో పాఠం చివర ఇచ్చిన పని ఇంకా తేలలేదు. ఒకే రకం గడ్డి ఉన్న జాగాలోంచి కొంత, రకరకాల మొక్కలు కలగాపులగంగా పెరిగిన జాగాలోంచి కొంత మట్టి తీసి నైట్రేట్ (మొక్కలు వేర్లతో తాగే నైట్రోజన్ రూపం) చూడమన్నాను కదా, చాలామంది చూశారు, అంకెలు పంపారు, అంకెలతో పాటు కోపం కూడా పంపారు. "మాస్టారూ, రకాలు పెరిగితే నేలకి మంచిదన్నారు, మా మధురవాడ లేఅవుట్‌లో పిచ్చిమొక్కల సైటులో నైట్రేట్ సగమే ఉంది, పక్కన లాన్‌లోనే ఎక్కువుంది" అని ఒకరు. "అయితే గరిక ఒక్కటే పెంచుకుంటే పోలేదా అండీ" అని ఇంకొకరు. పెందుర్తి నుంచి ఒక పెద్దాయన, మట్టి కలిపిన నీళ్ళలో ముంచితే రంగు మారి నైట్రేట్ చూపే స్ట్రిప్పులే నకిలీవని తేల్చేసి షాపువాడితో తగువేసుకుని వచ్చారట.

షాపువాడి తప్పేం లేదండీ. మీ అంకెల్లో చాలావరకు సరైనవే. రకాలు ఎక్కువున్న చోట నైట్రేట్ తక్కువ రావాలి, అదే వచ్చింది. తేడా పడింది ఆ అంకెని చదవడంలో.

మట్టిలో ఈ రోజు మీ స్ట్రిప్‌కి చిక్కిన నైట్రేట్ ఏమిటో ఆలోచించండి. కుళ్ళిన ఆకులోంచి, చచ్చిన వేర్లలోంచి సూక్ష్మజీవులు విడదీసిన నైట్రోజన్‌లో, మొక్కలు లాక్కోగా, సూక్ష్మజీవులే మళ్ళీ కొంత తినేయగా, వాన కొంత కిందికి కడిగేయగా, ఎవరికీ అందకుండా మిగిలిపోయిన ముక్క అది. మద్దిలపాలెం బస్టాపులో పొద్దున్న తొమ్మిదింటికి పదిమందే నిలబడి ఉన్నారంటే ఆ దారిలో ప్రయాణికులు లేరని కాదు, బస్సులు వెంటవెంటనే వస్తున్నాయని కూడా కావచ్చు. నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టి గంటకి ఎంతమంది ఎక్కారో చెప్పలేం. మూడో పాఠంలో మీరు లెక్కపెట్టింది నిలబడ్డవాళ్ళని.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ క్రీక్ అనే చోట డేవిడ్ టిల్మన్, డేవిడ్ వెడిన్, జొహాన్నెస్ నాప్స్ కలిసి ఇసుకనేల మీద 3 మీటర్లకు 3 మీటర్ల మడులు 147 వేసి, వాటిలో 1, 2, 4, 6, 8, 12, 24 రకాల చొప్పున గడ్డినేల మొక్కలు పెంచారు. 1996లో నేచర్ పత్రికలో వచ్చిన వాళ్ళ ఫలితం ఏమిటంటే, రకాలు పెరిగేకొద్దీ వేర్లున్న పొరలో నైట్రేట్ తగ్గింది, వేర్ల కింది పొరలోనూ తగ్గింది, పైన పచ్చదనం మాత్రం పెరిగింది. ఆ కింది పొర సంగతి జాగ్రత్తగా చూడండి. పైన నైట్రేట్ తగ్గడానికి కారణం వాన కడిగేయడమే అయితే కింద ఎక్కువ కనిపించాలి. కిందా తగ్గింది, పైన పచ్చదనం పెరిగింది అంటే అది మొక్కల ఒంట్లోకి చేరినట్టు. పైపొర ఒక్కటే చూసి "నేల బీదదైపోయింది" అన్నవాళ్ళు, ఇంకోసారి గునపం పట్టుకుని మరో అడుగు లోతు తవ్వాల్సింది.

ఇలా పూర్తిగా లాగేసుకోవడం ఒక్క మొక్క వల్ల కాదు. గరిక ఎక్కువగా పైపొరలోనే అల్లుకుంటుంది, వెంపలి తల్లివేరు తిన్నగా లోతుకి పోతుంది. కొన్ని తొలకరికే లేచి ఆగస్టుకల్లా విత్తనం రాల్చేసి చేతులు దులుపుకుంటాయి, కొన్ని అక్టోబరు, నవంబరు వానలకి గాని ఊపందుకోవు. కొన్నిటికి నైట్రేట్ ఇష్టం, కొన్ని అమ్మోనియం అనే ఇంకో నైట్రోజన్ రూపం దొరికినా సర్దుకుంటాయి. ఒకే రకం ఉన్న చోట దాని వేరు అందని లోతు, అది నిద్రపోయే నెల, రెండూ ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలో పుట్టిన నైట్రేట్ మన ఎర్ర ఇసుక నేలల్లో ఒక గట్టి వానకి కిందికి దిగిపోతుంది, ఎందుకంటే మట్టి రేణువుకి ఉన్న రుణావేశమే నైట్రేట్‌కీ ఉంది, పట్టుకుని ఆపేది ఏదీ లేదు.

పారేయాల్సిన అంకెలు

మీ అంకెల్లో చాలావరకు సరైనవే అన్నాను. మిగతావి వాడటానికి లేదు.

లాన్‌తో పోల్చినవాళ్ళు ఆ లాన్‌కి యూరియా వేస్తారన్న సంగతి నాకు చెప్పలేదు. అపార్ట్‌మెంట్ల లాన్ కొరియన్ గ్రాస్ అయినా మెక్సికన్ గ్రాస్ అయినా, తోటమాలి నెలకోసారో రెండుసార్లో పిడికెడు చల్లుతూనే ఉంటాడు, అడిగితే "అబ్బే, అప్పుడప్పుడండీ" అంటాడు. ఆ అంకె గడ్డిది కాదు, బస్తాది. ఆనందపురం నుంచి పంపిన ఒక ఫోటోలో మట్టి తీసిన గుంట పక్కనే ఆవుని కట్టే గుంజ కనిపిస్తోంది. ఆవు మూత్రం పోసిన చోట ఆ చిన్న జాగాలో నైట్రోజన్ హెక్టారు లెక్కకి మారిస్తే వందల కిలోలు ఉంటుంది, దాన్ని పట్టుకుని మొక్కల రకాల గురించి ఏం మాట్లాడతాం. గుంజకి దూరంగా పోండి, కుక్కలు పడుకునే చోటా వద్దు.

ఇంకో రకం తప్పు వానది. ఒక మడి మట్టి ఎండల్లో తీసి, రెండోది తొలకరి పడ్డ మూడోరోజు తీసి, రెండూ పక్కపక్కన పెట్టారు. నెలల తరబడి ఎండి ఉన్న మట్టికి తొలివాన తగలగానే సూక్ష్మజీవులు ఒక్కసారి విజృంభిస్తాయి, ఎండకి చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలే వాటికి మొదటి తిండి, నైట్రోజన్ బుస్సుమని పొంగుతుంది. కెన్యాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరంగా పరిశీలించాడు కాబట్టి బర్చ్ ప్రభావం అంటారు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా నేల పెంకులా ఎండుతుంది కాబట్టి ఈ పొంగు బాగా కనిపిస్తుంది. రెండు మడుల మట్టీ ఒకే రోజు, ఒకే పూట తీయాలి, ఇందులో మినహాయింపు లేదు.

సాయిల్ హెల్త్ కార్డు పంపినవాళ్ళకి ఒక మాట. అందులో "లభ్య నైట్రోజన్ హెక్టారుకి 210 కిలోలు, తక్కువ" అని ఉంటుంది. అది మన స్ట్రిప్ చూపే నైట్రేట్ కాదు. అది 1956లో సుబ్బయ్య, అసిజా చెప్పిన పద్ధతి, క్షార పర్మాంగనేట్‌తో మట్టిని మరిగించి సేంద్రియ పదార్థంలో సులువుగా విడిపోయే భాగాన్ని అమ్మోనియాగా పట్టుకుంటారు. 280 కిలోల లోపు తక్కువ, 280 నుంచి 560 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఎరువు సిఫారసుకి అది పనికొస్తుంది. ఈ నెలలో ఈ మడిలో ఎంత విడుదలైందో అది చెప్పదు.

సంచి పాతడం

విడుదలైంది కొలవాలంటే మొక్కల్నీ వాననీ కాసేపు పక్కన పెట్టాలి. దానికి ఉన్న అతి చవకైన ఉపాయం పాలిథిన్ సంచి. మట్టి ముక్కని పక్కపక్కనే రెండు తీస్తాం. ఒకదాన్ని వెంటనే పరీక్షిస్తాం. రెండోదాన్ని సంచిలో మూతికట్టి, తీసిన గుంటలోనే మళ్ళీ పాతేస్తాం. నాలుగు వారాలు. పాలిథిన్‌లోంచి గాలి నెమ్మదిగా ఆడుతుంది, నీరు మాత్రం దాటదు. వేరు లోపలికి రాదు, వాన కడగలేదు. లోపల సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుంటాయి, విడుదలైంది అక్కడే పోగవుతుంది. నాలుగు వారాల తర్వాత తవ్వి తీసి పరీక్షిస్తే, చివరి అంకెలోంచి మొదటి అంకె తీసేయగా వచ్చేదే ఆ నెలలో నికరంగా పుట్టిన నైట్రోజన్.

మట్టిని ముక్కలు చేసి, జల్లించి సంచిలో వేయకండి. కలిపిన మట్టిలో సూక్ష్మజీవులకి అప్పటిదాకా అందని తిండి అంది, వేగం పెరిగిపోతుంది. రెండంగుళాల పీవీసీ పైపుని పన్నెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, ఒక అంచు రాతి మీద అరగదీసి, పది సెంటీమీటర్ల లోతుకి సుత్తితో దింపి, పైపుతో సహా పైకి తీసి సంచిలో పెట్టండి. ఎర్రమట్టి ఎండినప్పుడు పైపు దిగదు, చిట్లుతుంది, వాన పడ్డ రెండోరోజు వెళ్ళండి. సంచి పల్చగా ఉంటేనే గాలి బాగా ఆడుతుంది గానీ పల్చటి కవర్ల మీద నిషేధం వచ్చాక అవి దొరకడం కష్టంగా ఉంది. నేను చిన్న జిప్ కవర్లే వాడతాను, లోపల కొంత గాలి వదిలి మూస్తాను, ఇంతవరకు ఇబ్బంది లేదు.

మన ఊళ్ళో ఈ పద్ధతికి అసలు శత్రువు చెదలు. తవ్వి తీశాక సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, గుండుసూది మొన అంత కన్నం ఉన్నా ఆ నమూనా వదిలేయాల్సిందే, ఎందుకంటే ఆ కన్నంలోంచి గరిక వేరు దూరి మీరు పోగేసిందంతా తాగేసి ఉంటుంది. తెల్లటి సన్నని వేరు సంచి లోపలి గోడకి అతుక్కుని మెలికలు తిరిగి కనబడితే ఇంక పరీక్ష కూడా దండగ. అల్పపీడనం పట్టి నాలుగు రోజులు మడిలో నీళ్ళు నిలిచినా ఆ నమూనాలు పక్కన పెట్టండి, గాలి అందని మట్టిలో నైట్రేట్ వాయువుగా మారి ఎగిరిపోతుంది, అది వేరే పాఠం.

తీసిన మట్టి ఆ రోజే పరీక్ష కావాలి. బండి డిక్కీలో మధ్యాహ్నమంతా ఉన్న మట్టి ఇంటికొచ్చేసరికి వేరే మట్టి అయిపోతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకి వాడే థర్మోకోల్ పెట్టె ఒకటి కొనుక్కుని ఐసు వేసుకోండి, కంపు నాలుగు రోజుల్లో పోతుంది.

కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్ళు మట్టిని కలపడానికి నీళ్ళ బదులు 2 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం వాడండి, లీటరుకి 149 గ్రాములు. అమ్మోనియం మట్టి రేణువులకి అతుక్కుని ఉంటుంది, పొటాషియం దాన్ని తోసేస్తే గాని నీళ్ళలోకి రాదు. ఇంట్లో చేసేవాళ్ళు డిస్టిల్డ్ వాటర్‌తో నైట్రేట్ ఒక్కటే చూసుకోవచ్చు. గాలి బాగా ఆడే వెచ్చటి ఎర్రనేలలో నెలరోజుల్లో అమ్మోనియంలో ఎక్కువ భాగం నైట్రేట్‌గా మారిపోతుంది కాబట్టి అంచనాకి అది చాలు. ఒక్క హెచ్చరిక. బ్రాకేరియా హ్యుమిడికోలా అనే పశుగ్రాసం వేర్లు బ్రాకియాలాక్టోన్ అనే పదార్థాన్ని వదిలి, అమ్మోనియం నైట్రేట్‌గా మారకుండా అడ్డుపడతాయి. జపాన్‌లోని జిర్కాస్ సంస్థలో జి.వి. సుబ్బారావు బృందం 2009లో ఈ సంగతి బయటపెట్టింది. మీ మడి అలాంటి పశుగ్రాసం వేసిన చోటైతే నైట్రేట్ ఒక్కటీ చూసి మోసపోతారు.

స్ట్రిప్ ముంచేటప్పుడు ఎర్రనీళ్ళు స్ట్రిప్‌కి అంటి రంగు చెడగొడుతున్నాయని చాలామంది రాశారు. ఫిల్టర్ కాగితాన్ని గరాటులా మడిచి, దాని మొనని ఆ బురదనీళ్ళలోకి గుచ్చి వదిలేయండి. రెండు నిమిషాల్లో కాగితం లోపలివైపు తేటనీరు ఊరుతుంది, స్ట్రిప్‌ని అందులో ముంచండి. బీచ్ పక్క సైట్లవాళ్ళు ఉప్పు వల్ల కొన్ని స్ట్రిప్పులు తప్పు చూపిస్తాయని గుర్తుంచుకోండి, కుదిరితే కొంచెం లోపలికి రండి.

లెక్క

20 గ్రాముల తడి మట్టికి 100 మి.లీ. నీళ్ళు పోసి అరగంట కలిపారు, స్ట్రిప్ 10 చూపింది అనుకుందాం. అది లీటరుకి 10 మి.గ్రా. నైట్రేట్. నైట్రేట్‌లో నైట్రోజన్ వాటా 62లో 14, అంటే 0.226. కాబట్టి 2.26. మట్టికి అయిదు రెట్లు నీళ్ళు పోశాం, అయిదుతో హెచ్చిస్తే 11.3. మట్టి బరువులో తేమ 10 శాతమైతే 0.9తో భాగించండి, కిలో పొడి మట్టికి సుమారు 12.6 మి.గ్రా. నైట్రోజన్. మీ స్ట్రిప్ డబ్బా మీద "నైట్రేట్-నైట్రోజన్" అని ఉంటే 0.226 గొడవ లేదు. మట్టిలో ఉన్న నీటిని పోసిన నీటికి కలపాలని పుస్తకాలు చెబుతాయి, నేను కలపను, స్ట్రిప్ రంగు చదవడంలో వచ్చే తేడా ముందు అదెంత. బీదనేల అయితే 1:5 బదులు 1:2 పోస్తాను, రంగు ముదురుగా వస్తుంది, రెండుతో హెచ్చిస్తే సరి.

ఇప్పుడు అసలు పోలిక, కేవలం అర్థం కావడానికి వేసుకున్న అంకెలతో (అన్నీ కిలో పొడి మట్టికి మి.గ్రా. నైట్రోజన్‌లో). గరిక ఒక్కటే ఉన్న మడిలో మొదటి రోజు 8, 28 రోజుల తర్వాత సంచిలో 14. పుట్టింది 6. కలగలుపు మడిలో మొదటి రోజు 4, సంచిలో 16. పుట్టింది 12. మొదటి రోజు అంకెలు మాత్రమే చూసినవాడికి గరిక మడి రెండింతల ధనవంతం. సంచి చూసినవాడికి కలగలుపు మడి రెండింతల వేగం. ఇంకో అడుగు వేయండి: నిల్వని రోజువారీ వేగంతో భాగిస్తే, గరిక మడిలో నైట్రోజన్ సగటున 37 రోజులు మట్టిలో ఊరికే పడి ఉంటోంది, కలగలుపు మడిలో సగటున సుమారు తొమ్మిది రోజులకే ఎవరో ఒకరు ఎత్తుకుపోతున్నారు. 37 రోజుల్లో విశాఖలో ఎన్ని వానలు పడొచ్చో మీకు తెలుసు.

హెక్టారు లెక్క కావాలంటే మట్టి సాంద్రతతోనూ (ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో), సెంటీమీటర్లలో లోతుతోనూ, 0.1తోనూ హెచ్చించండి. సాంద్రత 1.5, లోతు 10 అయితే 12 మి.గ్రా. అంటే నెలకి హెక్టారుకి 18 కిలోలు.

కొందరికి రుణసంఖ్య వస్తుంది. కంగారు పడొద్దు, సంచిలో నైట్రోజన్ మాయం కాలేదు, సూక్ష్మజీవులు మింగి కూర్చున్నాయి. ఎండిన గడ్డిలో కార్బన్ చాలా ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. నైట్రోజన్‌కి కార్బన్ 25, 30 రెట్లు దాటిందంటే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి ఆ ఆకులోని నైట్రోజన్ చాలదు, చుట్టూ మట్టిలో ఉన్నది కూడా లాగేసుకుంటాయి. ఏ గడ్డి అన్నదీ ముఖ్యమే. వెడిన్, టిల్మన్ 1990లో అచ్చేసిన పరిశీలనలో ఒకే రకం మట్టిలో అయిదు రకాల గడ్లు విడివిడిగా పెంచితే మూడేళ్ళకి నైట్రోజన్ విడుదల వేగంలో పది రెట్ల దాకా తేడా వచ్చింది. అంచేత "రకాలు ఎన్ని" అని మాత్రమే రాసి పంపినవాళ్ళు, ఏ రకాలో కూడా రాయండి. సీడర్ క్రీక్‌లోనే డొనాల్డ్ జాక్ బృందం 2003లో ఇంకో ముక్క చెప్పింది: రకాలు పెరిగితే విడుదల వేగం పెరిగింది నిజమే, కానీ అది రకాల సంఖ్య మహిమ కాదు, రకాలు పెరిగిన చోట మొక్క ఒత్తుగా పెరిగి, సూక్ష్మజీవులకి తిండి ఎక్కువ చేరడం వల్ల. అందుకే కింద ఇచ్చిన పనిలో గడ్డి కోసి తూకం వేయమంటున్నాను, దాన్ని ఎగ్గొట్టకండి.

తంగేడు గురించి ఆఖరిసారి

ఇక నాకు ఒళ్ళుమండే విషయం. మడిలో పప్పుజాతి మొక్కల్ని లెక్కపెట్టమంటే సగం మంది తంగేడు రాశారు, తగిరిస రాశారు, కసింద రాశారు, పక్కన "గాలిలోంచి నైట్రోజన్ తీస్తుంది" అని టిక్కు పెట్టారు. తీయదు. తంగేడు పప్పుజాతి కుటుంబమే, కాయ చూస్తే చిక్కుడు చుట్టమని ఎవరైనా చెప్పగలరు, కానీ దాని వేర్లకి బుడిపెలు కట్టవు. బుడిపెలో ఉండి గాలి నైట్రోజన్ పట్టే సూక్ష్మజీవి రైజోబియం. బుడిపె లేనిదే రైజోబియం లేదు, రైజోబియం లేనిదే గాలిలోంచి నైట్రోజన్ లేదు. తగిరిస, కసింద, తంగేడు ముగ్గురూ ఒక ఇంటివాళ్ళే, ఎవరికీ లేవు. పసుపు గుత్తులు వేలాడే రేలకి లేవు. రోడ్ల పక్క ఎర్రగా పూసే తురాయికి లేవు. చింతచెట్టుకి కూడా లేవు. అదే కుటుంబంలో వెంపలికి ఉన్నాయి, జనుముకి, జీలుగకి, పిల్లిపెసరకి, అత్తిపత్తికి, కానుగకి, తుమ్మకి ఉన్నాయి. పైగా మన బీచ్ పొడుగునా ఉన్న సరుగుడు ఈ కుటుంబానికి ఏమీ కాదు, అయినా ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవితో పొత్తు పెట్టుకుని గాలి నైట్రోజన్ తీసేస్తుంది. కాబట్టి ఇంటిపేరు చూసి టిక్కు పెట్టకండి, వేరు చూడండి.

"మా తాతగారు పొలంలో తంగేడు రొట్ట తొక్కించేవారు, పైరు నల్లగా లేచేది, మరి నైట్రోజన్ లేకుండానే?" అని విజయనగరం నుంచి ఒకావిడ గట్టిగా అడిగారు. ఉందమ్మా, ఆకులో ఉంది. కానీ అది గాలిలోంచి వచ్చింది కాదు, గట్టు మీద, కొండవాలులో ఉన్న మట్టిలోంచి తంగేడు వేరు లాగింది. మీ తాతగారు కొండ నైట్రోజన్‌ని మోపులు కట్టించి పొలానికి తెచ్చుకున్నారు. పొలానికి లాభమే, కొండకి అంత నష్టం. మన లెక్కలో ఇది పెద్ద తేడా: తంగేడు ఉన్న మడిలో మొత్తం నైట్రోజన్ పెరగదు, వెంపలి ఉన్న మడిలో పెరగొచ్చు.

వేరు చూడటం ఇలా. ఆగస్టు, సెప్టెంబరుల్లో, తడి నేలలో, మొక్కని పీకకుండా చుట్టూ గెడ్డపారతో పెళ్ళగించి మట్టిగడ్డతో సహా బకెట్ నీళ్ళలో నానబెట్టండి. పీకితే బుడిపెలన్నీ భూమిలోనే తెగి ఉండిపోతాయి, మీరు "లేవు" అని రాస్తారు. మట్టి కరిగాక వేరుకి పక్కన అంటుకున్న గింజల్లాంటివి కనబడతాయి, బొటనవేలి గోరుతో నెడితే ఊడి వస్తాయి. ఊడకుండా వేరు తానే ఉబ్బినట్టు ఉంటే అది నులిపురుగు కట్టిన బుడిపె, దానితో మనకి పనిలేదు. ఊడినదాన్ని బ్లేడుతో సగానికి కోయండి. లోపల గులాబీ లేక ఎరుపు రంగు ఉంటే పని జరుగుతోంది, తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు లేదా పనికిరాని సూక్ష్మజీవి చేరింది, ఆకుపచ్చగా, బూడిదగా ఉంటే పని అయిపోయింది. యూరియా పడిన చోట బుడిపెలు తగ్గిపోతాయి, చేతికందుతున్నది ఉండగా మొక్క కష్టపడదు.

పప్పుజాతి ఒక్కటే దట్టంగా పెంచితే చాలుగా అనేవాళ్ళకి: చాలదు. జర్మనీలో బైరాయిట్ దగ్గర చేసిన ప్రయోగంలో ఎర్ర క్లోవర్ ఒక్కటే ఉన్న మడుల నుంచే నైట్రేట్ బాగా కిందికి కారిపోయింది, పప్పుజాతితో పాటు గడ్లు, ఇతర మొక్కల రకాలు పెరిగేకొద్దీ ఆ నష్టం తగ్గింది. తెచ్చేవాడు ఒకడు ఉండాలి, పట్టుకునేవాళ్ళు నలుగురు ఉండాలి. సీడర్ క్రీక్‌లో ఫొర్నారా, టిల్మన్ 2008లో చూపిన లెక్కలో పన్నెండేళ్ళకి ఎక్కువ రకాలున్న మడుల నేలలో, ఒక్క రకం మడుల సగటు కంటే 600 శాతం ఎక్కువ నైట్రోజన్ చేరింది, దానికి ముఖ్య కారణం పప్పుజాతీ, వేసవిలో జోరుగా పెరిగే సీ4 గడ్లూ కలిసి ఉండటం. మన గరిక కూడా సీ4 గడ్డే.

ఈసారి పని

బరువైన పనే, ఇద్దరు కలిసి చేసుకోండి. సొంత సైటు గానీ యజమాని సరేనన్న సైటు గానీ చూసుకోండి. కంబాలకొండ అభయారణ్యంలోకీ, ఎర్రమట్టి దిబ్బల మీదకీ పైపులూ గునపాలూ పట్టుకుని పోకండి, కేసు అవుతుంది. యూరియా పడని జాగాలో మూడు మడులు గుర్తించండి: ఒకే గడ్డి ఉన్నది, కలగలుపుగా ఉన్నది, కలగలుపుగా ఉన్నదాంట్లోనే బుడిపెలున్న మొక్కలన్నిటినీ నేలమట్టానికి కోసేసినది. వేరు పీకకండి, నేల కదులుతుంది. కోశాక రెండు వారాలు ఆగండి. తర్వాత ప్రతి మడిలో అయిదు జతల పైపులు, జతలో ఒకటి ఆ రోజే పరీక్షకి, ఒకటి సంచిలో 28 రోజులకి. ప్రతి మడిలో అర మీటరుకి అర మీటరు గడ్డి కోసి, నీడన ఆరబెట్టి, తూకం. తేమ కోసం ప్రతిసారీ మట్టి 105 డిగ్రీల దగ్గర ఒక రోజు. ఓవెన్ లేకపోతే పెనం మీద సన్నసెగన, తూకం మారడం ఆగేదాకా. రుణసంఖ్యలు వస్తే దిద్దకుండా అలాగే పంపండి. చిరిగిన సంచులు ఎన్నో కూడా రాయండి.

సంచులు పాతిన చోట గుర్తుకి కర్ర పాతకండి, మేకలో, క్రికెట్ ఆడే పిల్లలో నాలుగో రోజుకే పీకేస్తారు. సైటు సరిహద్దు రాళ్ళు రెండింటి నుంచి టేపు పట్టి దూరాలు కొలిచి కాగితం మీద రాసుకోండి, సంచి పక్కన నేలలోకి మూడంగుళాల మేకు తల కనిపించకుండా దిగ్గొట్టండి. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దారానికి కట్టి నేల మీద ఈడిస్తే మేకు ఎక్కడుందో తెలిసిపోతుంది.